మాట అందించేవాడు

సెప్టెంబర్ 9, మంగళవారం

మహారాజు కూతురు ఫోన్ చేసింది. బాబాయ్ అన్న పిలుపు విని ఎన్నేళ్ళయిందో. నాన్నకు పక్షవాతం వచ్చిన సంగతి మీకు తెలిసే ఉంటుంది బాబాయ్, నడక కొంచెం వచ్చింది గానీ మాటే రావడం లేదు అంది. తెలుసు. పేపర్లో వేశారు. ఆ వార్త రెండుసార్లు చదివి, పేపరు మడిచి, మామూలుగానే కాఫీ తాగాను.

వచ్చే నెల ఒక వీకెండ్ సముద్రం దగ్గరున్న ఆ చిన్న ఊరికి తీసుకెళ్తుందట. ఎండలు తగ్గి చలి ఇంకా మొదలవని రోజులు. మా నాటక కంపెనీ ఏటా సీజన్ ముగిశాక ఆఖరి ఆట అక్కడే ఆడేది. అక్కడ తీసిన పాత ఫొటో ముందు పెడితే వాడు వేలు పెట్టి చూపించింది సముద్రాన్ని కాదట, అంచున సగం తెగిపోయిన నన్నట. మీరు పక్కనుంటే మాట వస్తుందేమో, రండి బాబాయ్ అంది.

ఆలోచించి చెబుతానన్నాను. ఆలోచించడానికేముంది. వెళ్ళను.

సెప్టెంబర్ 11

ఎందుకు వెళ్ళనో రాసి పెట్టుకోవాలి. ఈ వయసులో కోపాన్ని కూడా మరిచిపోతున్నాను.

వాడు కంపెనీలో రాజు వేషాలన్నీ వేశాడు, అందుకే అందరికీ మహారాజు. నేను ప్రాంప్టర్‌ని. ముప్ఫయ్యేళ్ళకు పైగా స్టేజీ పక్క వింగ్ చాటున స్టూల్ మీద, చిన్న బల్బు కింద కూర్చున్నాను. హాలంతా వాడి మొహం చూస్తుంటే నేను వాడి పక్కటెముకలు చూసేవాణ్ణి. నటిస్తూ ఆగినవాడు ఊపిరి వదులుతాడు. మరిచిపోయి ఆగినవాడు ఊపిరి బిగబడతాడు. బిగబట్టిన ఆ క్షణంలో ఒక్క మాట అందించాలి, మిగతాది వాడే లాక్కుంటాడు. రెండో అంకంలో వాడు మరిచిపోని ఆట లేదు. అది మరపు అని పసిగట్టిన ప్రేక్షకుడూ లేడు. చప్పట్లు కొట్టిందల్లా నేను నింపిన ఖాళీలకే.

తరవాత వాడి వీడ్కోలు సభ. ఈసారి మీ గురించి తప్పకుండా చెబుతాడు, ముందు వరుసలో కూర్చుందాం అని మా ఆవిడ నన్ను లాక్కెళ్ళింది. చెప్పాడు. నాకు ప్రాంప్టర్‌తో ఏనాడూ పని పడలేదు, పాపం ఆయన చీకట్లో కూర్చుని బోలెడు పుస్తకాలు చదువుకున్నాడు, మా కంపెనీలో పండితుడంటే ఆయనే అన్నాడు. హాలంతా నవ్వింది. ఇంటికొచ్చే దారిలో మా ఆవిడ, వాళ్ళ మైకు బాగోలేదండీ, నాకు ఒక్క ముక్క వినబడలేదు అంది. మైకు బ్రహ్మాండంగా ఉంది. ఆ చలికాలమే తను పోయింది. చివరిదాకా వినబడలేదనే అంది.

నవ్వించినందుకు కాదు. తన చేత ఆ అబద్ధం ఆడించినందుకు.

సెప్టెంబర్ 14

వెళ్తాను. తప్పయిందని వాడు అనాలి. ఎవరూ అందించకుండా, వాడంతట వాడే అనాలి.

సెప్టెంబర్ 22, ఉదయం

వస్తున్నానని చెప్పిన దగ్గర్నుంచి అమ్మాయి రోజూ ఫోన్ చేస్తోంది. సీజన్ కాదు కాబట్టి లాడ్జి ఖాళీయేనట. మేడ మీది గదుల్లోంచి సముద్రం కనిపిస్తుంది, కింది గదుల్లోంచి వంటింటి పెరడు కనిపిస్తుంది. నాన్న మెట్లెక్కలేడు కదా బాబాయ్ అంది. మీ నాన్న జీవితంలో ఒక్కసారైనా పెరడు వైపు గదిలో పడుకోనీ, అలవాటు లేని పని ఆరోగ్యానికి మంచిది అన్నాను. టూర్లలో అలాంటి గదులు నావి. కిసుక్కున నవ్వింది. దాని నవ్వు మాత్రం వాళ్ళమ్మది.

నాకు వేరే గది కావాలని పట్టుబట్టాను. గురకకి భయపడుతున్నారా, నాన్న గురక ముందు మీదెంత లెండి అంది.

సెప్టెంబర్ 30

ప్లానంతా కూర్చుని మాట్లాడుకుందామని వాళ్ళింటికి రమ్మంది. వెళ్ళాను. లిఫ్టులో అద్దం ఉంది. అందులో మనిషి కొట్టడానికి వచ్చినవాడిలా కనిపించాడు.

వాడు కిటికీ దగ్గర కూర్చున్నాడు. కుడి చెయ్యి ఒళ్ళో, ఎవరో మరిచిపోయి వదిలేసిన గ్లవ్‌లా పడి ఉంది. నన్ను చూసి గడ్డం పైకెత్తాడు. రాజు వేషంలో సభలోకి వచ్చినప్పుడు ఎత్తేవాడే, అలాగే. ఇన్నేళ్ళు పదును పెట్టుకున్న వాక్యాలు నా దగ్గర చాలా ఉన్నాయి. తీరా నోట్లోంచి వచ్చింది, భోజనం అయిందా అని.

వాడికి మిగిలినవి రెండు మూడు మాటలు. అది అన్నది ఒకటి, కాదు అన్నది ఒకటి. ఎందుకో ఏమో, కిరీటం. అమ్మాయి బ్యాగు ముందు పెట్టుకుని రెయిన్‌కోట్ చూపిస్తే కాదు అన్నాడు, చెప్పులు చూపిస్తే కాదు అన్నాడు. కిరీటం, కిరీటం అని గోల చేశాడు. చివరికి అది స్వెటరని తేలింది. దీనికోసమా నాన్నా ఇంత దర్బారు అంది. వాడూ నవ్వాడు, సగం మొహంతో.

గుమ్మం దాకా వచ్చి రహస్యంగా చెప్పింది. బాబాయ్, స్పీచ్ థెరపీ ఆవిడ మరీమరీ చెప్పింది, ఎంత తడుముకున్నా మాట అందించొద్దట, వెతుక్కోనివ్వాలట, మీకు కొంచెం కష్టమేమో చూసుకోండి అంది. నేను అందించడానికి రావడం లేదమ్మా అన్నాను. ఇంత నిజం ఈ మధ్య ఎవరితోనూ చెప్పలేదు.

అక్టోబర్ 8

వానలంటున్నారు, వచ్చే నెలకు మార్చుకుందామా అంది. కుదరదన్నాను. వాన పడితే గదిలో కూర్చుంటాం, మేమేమైనా ఈతకు వస్తున్నామా అన్నాను. మొదట్లో బెట్టు చేసింది మీరేగా బాబాయ్ అంది.

వచ్చే నెలకి వాడికి ఎన్ని మాటలు మిగులుతాయో ఎవరికి తెలుసు. అందులో నాది ఉండాలిగా.

అక్టోబర్ 17, సాయంత్రం

బ్యాగు సర్దుకున్నాను. మా ఆవిడ ఉంటే ఈ నీలం చొక్కా వద్దనేది.

అక్టోబర్ 18, శనివారం

చేరాం. లాడ్జి ఓనరమ్మ వాణ్ణి చూడగానే గుర్తుపట్టింది. మీ సింహాసనం సీను కోసం మా నాన్న నన్ను భుజాల మీద ఎక్కించుకుని తీసుకొచ్చేవాడండీ అంది. నా వైపు తిరిగి, మీరు వారి తమ్ముడా అంది. అమ్మాయి ఏదో చెప్పబోయింది. అవునన్నాను. ఎవరు విప్పి చెబుతారు.

మేం ఆడిన హాలు ఇప్పుడు ఫర్నిచర్ గోడౌన్. స్టేజీ మీద పరుపులు నిలబెట్టారు. వాడు గుమ్మంలో చాలాసేపు నిలబడ్డాడు. వింగ్ ఉన్న వైపు చూశాడు. నేను వాడి పక్కటెముకలు చూశాను. పాడు అలవాటు. ఊపిరి మామూలుగానే ఉంది.

మధ్యాహ్నం వాన. గదిలోనే ఉన్నాం.

అక్టోబర్ 19, ఆదివారం

వాన వెలిసింది. అమ్మాయి మా ఇద్దరినీ సముద్రం ముందు బెంచీ మీద కూర్చోబెట్టి టీ తెస్తానని వెళ్ళింది. ఎవరూ లేరు. మూసేసిన ఐస్‌క్రీం బండి ఒకటి, గాలి.

అడిగేశాను. ఆ సభలో ఎందుకలా అన్నావురా అన్నాను. మా ఆవిడ ఏం చెప్పిందో, చివరిదాకా ఏమందో అంతా చెప్పాను. నేను ఎదురుగా సముద్రాన్ని చూస్తూ చెప్పాను. వాడు నన్నే చూస్తూ విన్నాడు. నేను ఆపాక బాగున్న ఎడమ చెయ్యి తెచ్చి నా మోకాలి మీద వేశాడు.

నువ్వు, అన్నాడు. మిగిలిన ఆ మూడు మాటల్లో లేని మాట. తడుముకున్నాడు. నేను ఆగాను. ఎంతసేపైనా ఆగుదామనే వచ్చాను. ఆ రోజు, అన్నాడు. నన్ను, అన్నాడు.

ఊపిరి బిగబట్టాడు.

క్షమించు, అన్నాను.

అనాలని అనుకోలేదు. అన్నానని కూడా వెంటనే తెలియలేదు. ఆ మాట వాడి నోట్లోంచి తిరిగొచ్చాక తెలిసింది. క్షమించు, అన్నాడు. ఎంత బాగా అన్నాడో. నిండు గొంతుతో, చివర కొద్దిగా దించి, పాత రోజుల్లో అనేవాడే, అచ్చం అలాగే. నాకు ఒళ్ళు జలదరించింది. నా మాటని వాడు పలికితే ఎప్పుడూ అంతే.

వాడు ఏం అనబోయాడు. నన్ను క్షమించు అనా. నన్ను లోపలికి తీసుకెళ్ళు అనా. నన్ను నవ్వించమన్నారు అనా. నన్ను ఇలా చూడకు అనా. మళ్ళీ చెప్పు, నేనేమీ అననురా, నీ మాట నువ్వే చెప్పు అన్నాను. బతిమాలాను. వాడు ఊపిరి వదిలేశాడు. సీను అయిపోయిందనుకున్నాడు. గడ్డం ఎత్తి సముద్రం వైపు తిరిగాడు.

అమ్మాయి టీ తెచ్చేసరికి క్షమించు అని మరోసారి అన్నాడు. కొత్త మాట వచ్చింది బాబాయ్ అని దానికి కళ్ళనీళ్ళు ఆగలేదు. నాకు టీ సహించలేదు.

అక్టోబర్ 20

ఇల్లు చేరాను. ఏ పుస్తకం పట్టుకున్నా రెండో పేజీ తిప్పలేకపోతున్నాను.

అక్టోబర్ 29

అమ్మాయి ఫోన్. నాన్నకు ఇప్పుడు ఉన్న మాట అదొక్కటే బాబాయ్ అంది. అది అనే మాట పోయింది, కాదు అన్నదీ పోయింది, కిరీటం కూడా పోయింది. నీళ్ళు కావాలన్నా క్షమించు. కిటికీ మూయమన్నా క్షమించు. నిన్న టీవీలో వార్తలు చదివే ఆవిడతో కూడా అన్నాడట. నవ్వుతూ మొదలుపెట్టి ఏడ్చేసింది. ఇన్ని మాటలుండగా ఇదే ఎలా పట్టుబడింది బాబాయ్, ఆ రోజు బెంచీ మీద మీరేం మాట్లాడుకున్నారు అని అడిగింది.

పాత సంగతులమ్మా అన్నాను.

నవంబర్ 2

ఫోన్ వాడి చెవి దగ్గర పెట్టమన్నాను. అన్నాడు. వార్తలావిడతో అన్నదే నాతోనూ.

నవంబర్ 9, ఆదివారం

మళ్ళీ చేశాను. ఇవాళ ఆ మాట అనలేదు. నువ్వు, అన్నాడు. ఊపిరి బిగబట్టాడు. నేను పెదాలకు చెయ్యి అడ్డం పెట్టుకున్నాను. ఇద్దరం అలాగే ఉండిపోయాం.