ఖాళీగా నిలబడ్డ పదకొండుమంది

ఆగస్టు 4, 2025, సోమవారం

ఇవాళ ఫిజియోథెరపీలో మధులత రబ్బరు బంతి పక్కన పెట్టి, మీకు ఏమిటి ఇష్టం సార్ అని మా ఆయన శేఖర్‌ని అడిగింది. క్రేన్ అన్నాడు. అది కాకుండా అంది. యుద్ధం అన్నాడు. ఆ అమ్మాయి నా మొహం చూసింది. కంప్యూటర్‌లో అని చెప్పాల్సి వచ్చింది.

అయితే రోజూ గంటసేపు మౌస్ పట్టించండి మేడమ్, వేలి చివరలకి అదే మంచి పని, అంది.

స్ట్రోక్ వచ్చి యాభై రెండు రోజులు. మాట పోలేదు. నడక తిరిగి వచ్చింది. కుడిచెయ్యి ఒక్కటే ఇంకా రాలేదు. అక్టోబరు ఆరున ట్రయల్ అని కంపెనీ కాగితం పంపింది. కంపెనీ డాక్టరు చూస్తుండగా పోర్టులో క్రేన్ ఎక్కి పది లోడ్లు దింపాలి. దింపితే మళ్లీ ఆపరేటర్. దింపలేకపోతే ఏమిటో ఆ కాగితంలో లేదు.

నాకు భయంగా ఉండాలి. లేదు. ఏమీ లేదు. మా మల్కాపురంలో కిటికీ గట్టు మీద పేరుకునే నల్లదుమ్ములా రోజులు పేరుకుంటున్నాయి, తుడుస్తున్నాను.

ఆగస్టు 6

కంప్యూటర్ మీద దుప్పటి తీశాను. జూన్ నుంచి ఎవరూ ముట్టుకోలేదు.

2001లో యూనివర్సిటీ గేటు ఎదురుగా ఒక నెట్ సెంటర్ ఉండేది. నేను ఎమ్మే ఎకనామిక్స్. శేఖర్ డిప్లొమా అయ్యి పోర్టులో అప్రెంటిస్. అక్కడ అందరూ కలిసి ఆడే ఆటలో ఇద్దరం చూసుకోకుండా ఒకే ఆటగాడి నంబరు నొక్కాం. ఒకే రాజ్యంలో పుట్టాం. నేను గొర్రెల కోసం మనిషిని పంపుతుంటే నా సైనికుణ్ణి ఇంకెవరో నడిపిస్తున్నారు. పక్క వరసలోంచి ఒక కుర్రాడు తల బయటపెట్టి, ఏవండీ, కూడు మీరు చూసుకోండి, గొడవ నేను చూసుకుంటా, అన్నాడు.

ఇరవై నాలుగేళ్లుగా అదే ఒప్పందం. చెట్లు, పొలాలు, బంగారం నావి. గుర్రాలు, కోటలు తనవి. తన మనుషుల్ని నేను, నా మనుషుల్ని తను కదిపినా కదులుతారు, కానీ ఎప్పుడూ కదపలేదు. తను ముందు గదిలో, నేను భోజనాల బల్ల దగ్గర లాప్‌టాప్‌తో. మధ్యలో గోడ. గోడ అవతల నుంచి బంగారం అని అరుస్తాడు, నేను పంపుతాను.

పని లేక నిలబడ్డ మనుషులు ఎంతమందో స్క్రీన్ మీద ఒక మూల అంకె చూపిస్తుంది. ఇన్నేళ్లలో నేను ఒక్కణ్ణి కూడా అలా నిలబడనివ్వలేదు. నా జీవితంలో నేను ఖచ్చితంగా చేసిన పని అదొక్కటేనేమో.

ఆగస్టు 9, రెండో శనివారం

మొండికేసిన చేతికి ఏ ఆట తేలికో చూద్దామని సెలవంతా పరీక్ష పెట్టాను.

స్ట్రాంగ్‌హోల్డ్‌లో మనిషిని పట్టుకుని పని చెప్పడం ఉండదు. కట్టెలు కొట్టే గుడిసె కడితే, కోట ముందు మంట చుట్టూ కూర్చున్నవాళ్లలో ఒకడు లేచి వెళ్తాడు. పని లేనివాళ్లు చలి కాచుకుంటారు. శేఖర్ కాసేపు చూసి, మా యూనియన్ ఆఫీసులా ఉంది అన్నాడు.

రైజ్ ఆఫ్ నేషన్స్‌లో పొలం ఎప్పటికీ అయిపోదు. ఖాళీగా ఉన్నవాడు కాసేపు చూసి తనే పని వెతుక్కుంటాడు. చేతికి చాలా సుఖం. మరి ఇందులో నువ్వెందుకు, అని అడిగాడు.  నేను కాలేజీ క్లాసులో పొగిడేది అలాంటి వ్యవస్థనే.

కోసాక్స్‌లో సైన్యం వేలల్లో. తిండి అయిపోతే జనం చచ్చిపోతారు. బంగారం అయిపోతే కిరాయి సైనికులు మన మీదికే తిరుగుతారు. జీతం ఆగితే ఏమవుద్దో తెలిసినోడు చేసిన ఆట ఇది అన్నాడు. కానీ అంతమందిని ఒకేసారి పట్టుకోవాలంటే మౌస్ ఈ మూల నుంచి ఆ మూలకి లాగాలి. సగం దూరంలో వేలు జారిపోయింది. రెండుసార్లు. మూడోసారి లాగలేదు. లేచి వెళ్లి మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్నాడు.

సాయంత్రం మా పాత ఆటకే వచ్చాం. ఏజ్ ఆఫ్ ఎంపైర్స్, రెండోది. ఇందులో ప్రతి గొర్రెకీ మనిషిని పంపాలి, ప్రతి చెట్టుకీ చెప్పాలి. అన్నిటికంటే చాకిరీ ఎక్కువ. అయితే ఆ చాకిరీ నాది.

ఓడిపోయాం.

ఆగస్టు 10

అత్తయ్య ఫోను. మొగుడు చెయ్యి పడిపోయి ఉంటే వీడియో గేములాడిస్తున్నావంట, తణుకులో అందరూ అడుగుతున్నారే అంది. తణుకులో అందరికీ ఎవరు చెప్పారో నేను అడగలేదు.

ఆగస్టు 14

ఆరో ఓటమి కావాల్సింది.

శత్రువు బురుజు కింద శేఖర్ గుర్రాలు ఇరుక్కుపోయాయి. తను క్లిక్ చేస్తున్నాడు, అది పక్కన ఎక్కడో పడుతోంది. గోడ అవతల మౌస్ టకటకమంటోంది. ఒక్కొక్క గుర్రమే పడిపోతోంది. నేను పొలాలు చూసుకుంటున్నాను. నా చెయ్యి వెళ్లి ఆ గుర్రాలన్నిటినీ పట్టుకుని వెనక్కి లాగేసింది. చుట్టూ తిప్పి వాళ్ల పొలాల్లోకి పంపింది. ఆలోచించి చేశానని చెప్పలేను.

గెలిచాం. శేఖర్ వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. కుడిచెయ్యి భుజం దాకా ఎత్తి చూపించాడు. చూశావా అన్నాడు. చూశాను అన్నాను.

భోజనం దగ్గర స్పూన్ పక్కకి నెట్టేశాడు. పప్పన్నం తన చేత్తోనే కలిపాడు. సగం కంచంలో రాలింది. నాలుగు ముద్దలు నోటిదాకా వెళ్లాయి.

ఆగస్టు 15

ఇవాళ కూడా గెలిచాం.

ఆగస్టు 23

ఇప్పుడిక తెలిసిపోయింది. గెలిచిన రోజు ముద్ద. ఓడిన రోజు స్పూన్. నిన్న పరీక్ష కోసం నేను ఏమీ ముట్టుకోలేదు. స్పూన్.

ఇంట్లో ప్రోగ్రెస్ ఎలా ఉంది మేడమ్ అని మధులత అడిగింది. ఆట చివర వచ్చే స్కోరు ఫొటో తీసి పంపమంది, ఫైల్లో పెడుతుందట. పంపాను. శేఖర్ పేరు కింద ఎన్ని గుర్రాలు గెలిచాయో ఉంది. ఒకే రాజ్యం కదా, పేరూ ఒకటే. ఎవరి చెయ్యో అందులో ఉండదు.

సెప్టెంబరు 2

క్లాసులో అవకాశ వ్యయం చెప్పాను. ఒక పని ఎంచుకుంటే వదిలేసిన పని దాని ఖరీదు. ఉదాహరణ చెప్పండి మేడమ్ అని ఒకమ్మాయి అడిగింది. అన్నం వండుతూ బట్టలు ఉతకలేం అన్నాను. మా ఇంట్లో రెండూ అవుతాయి మేడమ్ అంది. అందరూ నవ్వారు.

సాయంత్రం గెలిచాక చూసుకుంటే మూల అంకె ఏడు. నేను గుర్రాలు తిప్పుతుంటే నా మనుషులు ఏడుగురు నరికేసిన అడవి పక్కన గొడ్డళ్లు పట్టుకుని నిలబడ్డారు. ఎంతసేపటినుంచో. శేఖర్ ఆ మూల ఎప్పుడూ చూడడు. చూడాల్సిన పని ఎప్పుడూ పడలేదు.

సెప్టెంబరు 14, ఆదివారం

దుర్గారావు వచ్చాడు. శేఖర్ క్రేన్ కింద నిలబడి చేతితో సిగ్నల్ ఇచ్చే మనిషి. పదిహేనేళ్ల జత. భార్య చిట్టమ్మ పంపిందని కోనాం చేప ముక్కలు తెచ్చాడు.

బావా, నువ్వు తొరగా రావాల, అన్నాడు. ఆ కొత్తోడు లోడు ఊపేత్తన్నాడు. నాను కింద ఒకటి సూపితే ఆడు పైన ఇంకోటి సేత్తన్నాడు, మొన్నయితే నా టోపీకి జానెడు మీంచి పోనాది, అన్నాడు. జానెడు కాదు, నువ్వు పొట్టోడివి కాబట్టి బతికావు అని శేఖర్ నవ్వాడు. ఇద్దరూ చాలాసేపు నవ్వుకున్నారు.

వెళ్తూ చెప్పులేసుకుంటూ నన్ను అడిగాడు. ఏటక్కా, సెయ్యి నిజంగా బాగైపోనాదా. పైన బావ ఉన్నాడంటే నాను తలెత్తి సూడనక్కర్లేదు, అందుకడుగుతన్నాను, అన్నాడు.

బాగానే ఉంది అన్నాను.

చేప వేయించాను. రుచి తెలియలేదు. ఉప్పు వేశానో లేదో శేఖర్‌ని అడిగితే వేశావు అన్నాడు.

సెప్టెంబరు 22

ట్రయల్‌కి చూపించాల్సిన సర్టిఫికెట్ వచ్చింది. పట్టు మెరుగైంది, అది మధులత కొలిచింది. వేగం సంతృప్తికరం, అది నేను పంపిన ఫొటోలు చూసి రాసింది. రాసేముందు నావైపు చూసి, అంతే కదా మేడమ్ అంది. తల ఊపాను. తల ఊపడం అబద్ధం చెప్పడం అవుతుందా అని దారంతా ఆటోలో ఆలోచించాను. అవుతుంది.

చెప్పేస్తే ఏమవుతుంది? స్పూన్. గోడవైపు తిరిగి పడుకోవడం. చెప్పకపోతే? దుర్గారావు తలెత్తి చూడడు. ఇవి రెండూ పక్కపక్కన రాస్తే ఏది బరువో స్పష్టంగానే ఉంది. రాశాక కూడా లేచి వెళ్లి చెప్పలేదు.

అక్టోబరు 1

ఓడలు ఆగే బెర్తు దగ్గర క్రేన్లకి ఆయుధపూజ. శేఖర్ వెళ్లలేదు, ఆరో తారీఖునే ఎక్కుతా అన్నాడు. మధ్యాహ్నం దుర్గారావు కుంకుమ పొట్లం, పులిహోర తెచ్చాడు. గుమ్మడికాయ తనే కొట్టాడట. క్యాబిన్‌లో జాయ్‌స్టిక్కులకి బొట్టు పెట్టాను బావా, మిగిలింది నీ సెయ్యే, అని శేఖర్ కుడిచేతి వేళ్లకి ఒక్కొక్కదానికీ బొట్టు పెట్టాడు.

శేఖర్ ఆ చేతిని చాలాసేపు మోకాలి మీద అలాగే పెట్టుకున్నాడు.

అక్టోబరు 5, ఆదివారం

మధులతకి మెసేజ్ రాశాను. ఆ స్కోర్లు ఆయనవి కావు, నావి అని. రెండుసార్లు చదివాను. చెరిపేశాను.

సాయంత్రం ఆఖరి ఆట. తను అడిగాడు. ఎప్పటికంటే బాగా గెలిచాం. కోట తలుపు దాకా వెళ్లిన గుర్రాలు వెనక నుంచి తిరిగి లోపలికి దూరాయి. గోడ అవతల మౌస్ చప్పుడు ఇవాళ తక్కువగా ఉంది. చెయ్యి కుదురుకుంటోందేమో అనుకున్నాను. నిజంగానే అనుకున్నాను.

మూల అంకె పదకొండు.

రేపు పొద్దున్న టిఫిన్ పెడుతూ చెప్పేస్తాను.

అక్టోబరు 6, ఉదయం 11.40

చెప్పలేదు. ఇడ్లీ పెట్టాను. దుర్గారావు బండి మీద తీసుకెళ్లాడు.

ఇప్పుడే దుర్గారావు ఫోను. అక్కా, బావ ఎక్కనేదు, అన్నాడు. నిచ్చెన కాడ దాకా వచ్చినాడు, పైకోసారి సూసినాడు. డాట్రుగారు ఎక్కండి అంటే, ఈ సెయ్యి ఇంకా నాది కాదండి, కింద పనేదన్నా ఇవ్వండి అనేసినాడు. ఏటక్కా, నిన్నటిదాకా బాగుందన్నావు కదా.

నేనేం చెప్పానో గుర్తులేదు. కాలేజీ స్టాఫ్ రూములో ఫ్యాను కింద కూర్చుని ఇది రాస్తున్నాను.

మధ్యాహ్నం 3.10

సెలవు పెట్టి వచ్చేశాను. శేఖర్ నాకంటే ముందే ఇంట్లో ఉన్నాడు. కోపం లేదు. ముందు మంచినీళ్లు తాగమన్నాడు.

మొదటిరోజు నీ మనుషులు ముగ్గురు ఖాళీగా ఉన్నారు సత్యా, అన్నాడు. అలిసిపోయావనుకున్నాడట. తర్వాత ఏడుగురు. ఇరవై నాలుగేళ్లలో నీ దగ్గర ఒక్కడు ఊరికే నిలబడటం నేను చూళ్లేదు, నువ్వు వేరే పని చేస్తున్నావని అప్పుడే తెలిసింది, అన్నాడు. నువ్వు ఆ మూల చూడవు కదా అన్నాను. అటు చూసే గోడవతల నువ్వెలా ఉన్నావో తెలుసుకునేవాణ్ణి అన్నాడు.

మరి ఎందుకు చెప్పలేదు అని అడిగాను. గెలిచిన రోజు నువ్వు నా కంచం వంకే చూసేదానివి, అందుకని చేత్తో తినేవాణ్ణి, చాలా నెప్పిగా ఉండేది, అన్నాడు.

నిన్న ఆట సగంలోనే తను మౌస్ వదిలేశాడట. చెయ్యి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడట. గుర్రాలు వెళ్లాయి. వెనక నుంచి తిరిగి లోపలికి దూరాయి. భలే తిప్పావు, నేనైతే ముందునుంచే గుద్దేవాణ్ణి, అన్నాడు. మూల పదకొండుమంది. నువ్వు చెప్తావని పొద్దున్న టిఫిన్ దగ్గర చూశాను, అన్నాడు. దుర్గారావు బండి హారన్ కొట్టాక లేచాడట.

ఏడుపు వస్తుందేమోనని ఆగి చూశాను. రాలేదు. కాళ్ల కింద గచ్చు చల్లగా ఉందని మాత్రం తెలిసింది.

అక్టోబరు 7

మధులతకి ఫోన్ చేసి చెప్పాను.  సర్టిఫికెట్ వెనక్కి తీసుకుంటాను అంది. గురువారం సార్‌ని తీసుకురండి, బంతి నుంచి మొదలుపెడదాం, అని పెట్టేసింది.

దుర్గారావుకీ చెప్పాను.  అక్కా, నాను కింద నిలబడే మనిసిని, అన్నాడు.  తిట్టి ఉంటే బాగుండేది.

అక్టోబరు 15

శేఖర్‌కి లారీల గేటు దగ్గర పని ఇచ్చారు. ఏ లారీ ఏ షెడ్డుకి వెళ్లాలో, ఏ షెడ్డు దగ్గర ఎవరు ఖాళీగా ఉన్నారో చూసి పంపాలి. ఇది నీ పనే కదా, నేర్పు, అన్నాడు. స్పూన్‌తో తింటున్నాడు. నేను కంచం వైపు చూడటం మానలేదు, చూసినట్టు తెలియకుండా చూస్తున్నాను. అదీ తెలుస్తోందేమో.

అక్టోబరు 19

గొర్రెలు శేఖర్, ఎడమచేత్తో. గుర్రాలు నేను. బంగారం అని గోడ ఇవతల నుంచి నేనే అరిచాను. ఇరవై రెండో నిమిషంలో చిత్తుగా ఓడిపోయాం.

మూల అంకె సున్నా.