ఇటుక రంగు రోజులు

మల్కాపురం,
9-8-1983.

నా బంగారు రత్నానికి,

అక్క ముద్దులు. దువ్వాడలో పిన్ని నిన్ను బాగా చూసుకుంటుందని తెలుసు. అయినా నిన్ను అక్కడికి పంపింది నా నోరే అన్న బాధ నాలుగు వారాలుగా నన్ను తొలిచేస్తోంది. ఆ రోజు నీ మూత్రం చుక్కలు నీలం మందులో వేసి కాచితే నీలంగానే ఉండకుండా, చక్కెర పోతోందన్నట్టు గొట్టం ఇటుక రంగుకు తిరిగింది. "ఏటే, మళ్లీ బెల్లం బుక్కేసినావా? సక్కెర జబ్బున్న పిల్లవి!" అంది అమ్మ. "నాను ముట్టనేదమ్మా" అని నువ్వు ఏడుస్తుంటే, బీయెస్సీ చదువుతున్నానన్న గర్వంతో నీ నోరు వాసన చూసి, బెల్లమే తిన్నావన్నాను. అందరి ముందూ!

మొన్న నువ్వు రోజూ గొట్టం రంగు రాసుకునే నోటుపుస్తకం తీశాను. పూజలకు అడ్డు రాకుండా మనం బయట చేరే తేదీలకు అమ్మ గోడ క్యాలెండర్ మీద బొగ్గుగీత పెడుతుంది కదా, దాని పక్కన పెట్టి చూశాను. ఎనిమిది నెలల్లో ఆరు నెలలు, గీతకు ముందు నాలుగైదు రోజులే ఇటుక రంగు! పరుగున వెళ్లి మా కాలేజీ మేడమ్‌ను అడిగాను. ఆడవాళ్ల హార్మోన్లు నెలంతా ఎక్కుతూ దిగుతూ ఉంటాయట. గీతకు ముందు అవి ఎక్కిన రోజుల్లో ఇన్సులిన్ సరిగా పనిచెయ్యదట. మిగతా ఆడపిల్లల్లో క్లోమం (ఎంత నిండైన మాటో!) ఇంకాస్త ఇన్సులిన్ పోసి సర్దుకుంటుంది. నీ క్లోమం పొయ్యలేదు. సూదిమందేమో రోజూ ఒకే కొలత. "పాపం, పిల్ల ఏం చేస్తుందే!" అన్నారు మేడమ్.

నువ్వు దొంగవి కావు, రత్నం. అమ్మకు చెబితే, "ఎర్రిదాన్ని, పిల్లని ఏడిపించేసినాను" అని కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

అక్కడ రోజూ నీలమేనని పిన్ని కార్డు రాసింది. గీత ముందు రోజులు కూడా నీలమేనట! నా లెక్క ఎక్కడ తప్పిందో తెలియడం లేదు. ఆ కార్డు చూసి డాక్టరు గారు సూదిమందు తగ్గిద్దామన్నారు. ఆదివారం నాన్న వస్తారు. ఇంటికి వచ్చెయ్యి.

నీ దగ్గర తల దించుకున్న అక్క,
గౌరీశ్వరి

దువ్వాడ,
11-8-1983.

అక్కా,

మందు తగ్గించొద్దని ముందు డాక్టరు గారికి చెప్పు. నీ లెక్క తప్పలేదు. ఇక్కడికొచ్చాక నేను గొట్టం కాచనేలేదు. ఎర్రగా వస్తే పిన్ని కూడా నా నోరు వాసన చూస్తుందని, రోజూ కాగితం మీద 'నీలం' అని రాసి పిన్నికి చూపించాను. నాలుగు రోజులుగా ఒకటే దాహం. ఎవరికీ చెప్పలేదు.

నీ ఉత్తరం చదివి ఇవాళ పొద్దున కాచాను. ఇటుక రంగే. "ఓలమ్మ, ఇదేటే?" అని పిన్ని హడలిపోయింది. "బెల్లం కాదు పిన్నీ, నెల దగ్గరపడింది" అన్నాను. చెబుతుంటే తల దానంతటదే పైకి లేచింది. పిన్ని నన్ను దగ్గరికి లాక్కుని, "ముందే సెప్పొద్దేటే, పిచ్చిమొకమా!" అంది.

నాన్న కోసం ఆదివారం దాకా ఆగడం లేదు. బాబాయి చొక్కా తొడుక్కుంటున్నాడు, మధ్యాహ్నం బస్సుకు వచ్చేస్తున్నాం. నోటితో చెప్పుకోలేక ఇదంతా రాశాను. పోస్టులో వెయ్యను, నేనే నీ చేతికిస్తాను. నువ్వు చదివినంతసేపూ ఎదురుగా నిలబడతాను. తిట్టాలనిపిస్తే తిట్టు.

నీ
నూకరత్నం