లచ్చవ్వ గుండిగ

లచ్చవ్వా,

నువ్వు పోయి నేటికి ఏడాది. ఈ వారం జరిగింది చూసుంటే మురిసిపోయేదానివి.

తెలంగాణ కోసం బొగ్గుబాయి పని బంద్ చేసిన రోజుల్లో మా కాలనీ ముందు రోడ్డు మీద వంటావార్పు పెట్టాం. జీతాల్లేవు, ఇళ్లలో బియ్యం డబ్బాలు అడుగంటాయి. అప్పుడు మంథని దగ్గర మీ ఊరి నుంచి ట్రాక్టర్ వచ్చింది. బియ్యం బస్తాల మీద, పెళ్లినాటి రాగి గుండిగను ఒళ్లో పెట్టుకుని నువ్వు. అంతకుముందు నువ్వెవరో మాకు తెలీదు.

"బొగ్గు బంద్ వెట్టినోళ్లు ఉపాసముంటే మాకు బువ్వెట్ల దిగుతది?" అంటూ ఎసరు పెట్టావు. సమ్మె అయ్యాక గుండిగ తిరిగిస్తే తీసుకోలేదు. "మీ తాన్నే ఉండనీయుండ్రి బిడ్డా, మల్ల పొయ్యి వెట్టుకునే రోజు రాదా?" అన్నావు.

ఈసారి రోడ్డెక్కింది మీ ఊరివాళ్లు. కల్లాల్లో వడ్లు తడుస్తున్నా కొనేవాళ్లు రావడం లేదని పెద్దపల్లి రోడ్డు మీద కూర్చున్నారు. మా కాలనీ ఆడవాళ్లం నీ గుండిగను ఆటోలో వేసుకుపోయి అక్కడే వండిపెట్టాం. తోమేటప్పుడు అంచున చెక్కిన నీ పేరు నీ కోడలి కంటబడింది. వేలితో తడిమి చూసుకుంది.

"ఇక మీ ఇంటికి తీసుకపో" అన్నాను. నీ మొండితనమే ఆమెకూ అబ్బింది. తనే ఎత్తి మా ఆటోలో పెట్టింది.

"మీ తాన్నే ఉండనీ అక్కా. మేం మల్ల కూసుంటే ఎవలు వండుకస్తరు?"