వంటగది, స్నానాలగది గోడలకు

మార్చి 4, మంగళవారం

మా ఆవిడ పదహారో తారీఖు ఆదివారం ఇంటికొస్తుంది. పన్నెండు రోజులు.

ఆరు వారాల క్రితం వంటగదిలో పడింది. తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ అయ్యాక తన చెల్లెలు వాళ్లింటికి తీసుకెళ్లింది. ఇప్పుడు వాకర్ పట్టుకుని నడుస్తోంది. నేల ఎగుడుదిగుడుగా ఉండకూడదని, మళ్లీ పడితే నడక మీద ఆశ వదులుకోవాల్సిందేనని డాక్టర్ చెప్పాడు.

స్టవ్ ముందున్న టైల్ రెండేళ్లుగా లేచి ఊగుతోంది. చెప్పినప్పుడల్లా "చూద్దాంలే" అన్నాను. పడింది అక్కడే. కాబట్టి ఆ నేల నా చేతులతో నేనే వేస్తాను. మేస్త్రీని పెట్టుకోవచ్చు కదా అంటే, పెట్టుకోవచ్చు. కానీ తప్పు నాది.

మార్చి 5

షాపులో టైల్స్ అతికించే గమ్ము రెండు రకాలు ఉంది. ఒకటి బస్తాలో పొడి. కొలిచి నీళ్లు పోయాలి, కలపాలి, పది నిమిషాలు ఆగాలి, మళ్లీ కలపాలి, ముప్పావుగంటలో వాడెయ్యాలి. రెండోది బకెట్‌లో రెడీగా ఉంది. మూత తీయడం, పుయ్యడం. షాపాయన ఎక్కడికండీ అని అడిగాడు. వంటగదికి అన్నాను. బకెట్లు చూపించాడు. ఇంకేదో అడగబోతుంటే ఫోన్ మోగింది, దాంతో గోడౌన్‌లోకి వెళ్లిపోయాడు.

నేను లేబుల్ చదివాను. ముప్పై ఒక్కేళ్లు ప్రెస్‌లో ప్రూఫులు దిద్దినవాణ్ని, బిస్కెట్ ప్యాకెట్ కూడా పూర్తిగా చదవందే విప్పను. "వంటగది, స్నానాలగది గోడలకు శ్రేష్ఠం. 24 గంటల్లో ఆరును." వంటగదికి పనికొస్తుంది, స్నానాలగదిలో గోడలకు మాత్రం పనికొస్తుంది. అచ్చుతప్పు ఒక్కటి కూడా లేదు. కంపెనీ మీద గౌరవం కలిగింది.

నాలుగు బకెట్లు తెచ్చాను.

మార్చి 6, గురువారం

పాత టైల్స్ పగలగొట్టాను. స్టవ్ ముందుదానికి సుత్తి అవసరం లేకపోయింది. చేత్తో తీస్తే వచ్చేసింది. ఇంత సులువైన పనికి రెండేళ్లు పట్టింది నాకు. దాన్ని పట్టుకుని కాసేపు కూర్చుండిపోయాను.

నడుం పట్టేసింది.

మార్చి 8, సాయంత్రం 6:00

అయిపోయింది! ఇరవై టైల్స్, ఒక్కోటి రెండడుగులు. గుమ్మం దగ్గర పట్టేలా రెండు కోయించి తెచ్చాను. గమ్ము పూసి, పళ్ల తాపీతో గీతలు గీసి, టైల్ పెట్టి అదిమాను. మట్టం చూసే లెవెల్ పెట్టి చూస్తే బుడగ నడిమధ్యన నిలబడింది. నా జీవితంలో ఇంత తిన్నగా నేను చేసిన పని ఇంకోటి లేదు.

మా ఆవిడకి ఫోన్ చేసి చెప్పాను. మీకెందుకొచ్చిన శ్రమ అంది. మరదలు ఫోన్ లాక్కుని, పనిమంతుడు పందిరేస్తే కుక్కతోక తగిలి కూలిందట, జాగ్రత్త బావా అంది. నవ్వాను. అది నవ్వులాటకే అన్నదిలే.

మార్చి 9

ఆరలేదు.

మార్చి 10, సోమవారం

ఆరలేదు. ఇరవైనాలుగు గంటలని రాశారు. నలభై అయింది. ఫ్యాన్ పెట్టాను. కిటికీలన్నీ తెరిచాను. హాల్లో కరెంటు స్టవ్ మీద టీ కాచుకున్నాను.

మార్చి 12, బుధవారం

మూల టైల్ మీద కాలు పెట్టాను. కదిలింది. సందులోంచి గమ్ము టూత్‌పేస్టులా బయటికొచ్చింది.

ఎదురింటికి పనిచేసిన మేస్త్రీని బతిమాలి తీసుకొచ్చాను. పెద్దాయన. చెప్పులు విప్పి గుమ్మంలోనే గొంతుక్కూర్చున్నాడు. ఒక టైల్ అంచు కింద తాపీ దూర్చి రెండు వేళ్లతో లేపాడు. కింద గమ్ము మొన్న నేను గీసిన గీతలతో సహా అలాగే ఉంది. వేలితో తీసి వాసన చూసి, బకెట్ ఏదీ అన్నాడు.

"ఇది గోడలకండీ. గాలి తగిలితే ఆరే సరుకు. ఇంత పెద్ద టైల్ కింద, నాలుగువైపులా మూసేశాక, దానికి గాలెక్కడిది?"

పొడి గమ్ము అయితే గాలితో పనిలేదట. నీళ్లు పోయగానే దానంతటదే గట్టిపడుతుందట. నేలకి వాడాల్సింది అదేనట. ఇది ఎన్నాళ్లకి ఆరుతుందని అడిగాను. నెలలు పట్టచ్చు, అసలు ఆరకపోనూవచ్చు, ఆరినా బరువు ఆగదు అన్నాడు. తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

ఆయనకి ఇరవయ్యో తారీఖు దాకా ఖాళీ లేదు.

ఆయన వెళ్లాక లేబుల్ మళ్లీ చదివాను. వంటగది, స్నానాలగది గోడలకు. గోడలు రెండింటివీ! వంటగది గోడలకు, స్నానాలగది గోడలకు. కామా దగ్గర నేను ఆగాను, వాళ్లు ఆగలేదు. ముప్పై ఒక్కేళ్లు జనం రాసిన కామాలు దిద్దిన మొహం ఇది. ఎవరికి చెప్పుకోను? చెబితే నవ్వుతారు. నాకే నవ్వొచ్చింది, ఆ తర్వాత ఏడుపొచ్చింది.

మార్చి 13, ఉదయం 6:00

ఊడదీయడం మొదలుపెట్టాను.

అదే రోజు, మధ్యాహ్నం 2:00

ఇరవైకి ఇరవై ఊడాయి. ఒక్కటంటే ఒక్కటి కూడా మొరాయించలేదు. గమ్ము గీకితే తాపీకి, గోళ్లకి, చొక్కాకి, తలుపు గడియకి అంటుకుంటోంది. నేలకి తప్ప అన్నిటికీ పట్టుకుంటోంది వెధవది. ఈ ముక్క పెద్దక్షరాలతో లేబుల్ మీద వెయ్యాలి.

మార్చి 14, శుక్రవారం

ఇంకో వారం అక్కడే ఉండమని చెప్పడానికి ఫోన్ చేశాను. కామా సంగతి కూడా చెప్పేశాను. మరదలు పక్కనుంచి విని, అడుసు తొక్కనేల కాలు కడగనేల అంది. మా ఆవిడ నవ్వలేదు. ఆదివారమే వస్తానంది. సోమవారం నుంచే సంచి సర్దుకుని కూర్చుందట.

నేల గోకినట్టుంది, వాకర్ కాలు ఇరుక్కుంటుంది, వద్దన్నాను. వినలేదు. అప్పుడు ఇన్నాళ్లూ నోటిదాకా వచ్చి ఆగిపోతున్న మాట అనేశాను. ఆ టైల్ అప్పుడే బాగుచేసుంటే నువ్వు పడేదానివి కాదు, నన్ను క్షమించు అన్నాను.

లైన్ కట్టయిందేమోనని రెండుసార్లు హలో అన్నాను. కట్ అవలేదు.

ఏడు వారాలుగా కోపం దాచుకుందన్నమాట. ఉండదా మరి.

మార్చి 16, ఆదివారం

వచ్చింది. బాగా చిక్కిపోయింది. వంటగది గుమ్మానికి అడ్డంగా కుర్చీ వేశాను. వాకర్ ఆనించి ఆ కుర్చీ మీదుగా లోపలికి చూసింది. గీకిన సిమెంటు, ఒక మూల పేర్చిన టైల్స్, నాలుగు ఖాళీ బకెట్లు. నా చేతుల వంక చూసి, కొబ్బరినూనె రాసుకోమంది.

హాల్లోనే మంచం వేశాను. అక్కడి నేల నున్నగా, తిన్నగా ఉంది. వాకర్ ఎక్కడా తట్టుకోలేదు.

మార్చి 17, ఉదయం 9:20. ఆస్పత్రి బెంచీ మీద

పొద్దున మంచం దిగి రెండడుగులు వేసి వాకర్ వదిలేసింది. పక్కనే ఉన్నాను కాబట్టి పట్టుకున్నాను. కిందికి చూశాను. ఏమీ లేదు. చదునైన నేల.

ఆ రోజూ టైల్ కాదట. ఇలాగే కళ్లు తిరిగాయట. ఏడాదిగా తిరుగుతున్నాయట. ఎందుకు చెప్పలేదన్నాను.

"టైల్ అయితే మీరు బాగుచెయ్యగలరనుకున్నాను" అంది.

ఇప్పుడే లోపలికి తీసుకెళ్లారు. నన్ను బయట ఉండమన్నారు.