కాళ్ళు కోసిన కుర్చీ

కొత్తగా వచ్చిన పాస్టరుగారికి, చర్చి వెనక వీధి వడ్రంగిని, దండం పెట్టి రాసుకుంటున్నాను.

కాళ్ళు అతికించమని మీరు పంపిన కుర్చీ అందింది. అది విరిగింది కాదండీ. నలభై ఏళ్ళ కిందట కోసింది నేనే.

సముద్రాలు దాటి వచ్చిన దొరసానమ్మగారు మోకాళ్ళ నొప్పులతో నేల మీద కూర్చోలేక, ఆ కుర్చీలోంచే బైబిలు వాక్యం చెప్పేవారు. చాప మీది ఆడవాళ్ళు తలలు వంచుకుని వినేవాళ్ళు, ఒక్కరూ నోరు విప్పేవాళ్ళు కాదు. ఒకరోజు ఆవిడే కుంటుకుంటూ కుర్చీ మోసుకొచ్చి, "కొయ్యి బాబూ" అన్నారు. నాలుగు వేళ్ళ మేర కోశాను. కూర్చుని చూసి, "ఇంకా" అన్నారు. మంచి టేకు, నా ప్రాణం ఉసూరుమంది. మూడోసారికి జానెడు కాళ్ళు మిగిలాయి. ఆ రంపపు పొట్టు వాసన ఇప్పటికీ ముక్కుకు తగులుతూనే ఉంటుంది.

ఆ ఆదివారం మా అమ్మ మొదటిసారి ఆవిడతో మాట్లాడింది. "కాళ్ళు చాపుకో తల్లీ, ఇక్కడ పరాయివాళ్ళెవరున్నారు?" అంది. దొరసానమ్మగారు కాళ్ళు చాపుకుని, వాళ్ళమ్మ గుర్తొచ్చి ఏడ్చేశారు. ఆరోజు వాక్యం సాగలేదు. ఆడవాళ్ళు చెప్పుకున్నారు, ఆవిడ విన్నారు.

కోసిన ముక్కలు నా దగ్గరే ఉన్నాయి. అతికించడం పూట పని. కానీ ముందు మీరొక్కసారి అందులో కూర్చుని చూడండి, ఆపైన మీ ఇష్టం. ఎత్తు కుర్చీలోంచి చూస్తే ఆడవాళ్ళ పాపిళ్ళు కనిపిస్తాయండీ. దీంట్లోంచి కళ్ళు కనిపిస్తాయి.