మూడో గుండీ లేని కోటు

మిషన్ సేవా విభాగం పర్యవేక్షకుల వారి సముఖమునకు,

అయ్యా,

విషయం: మా దంపతులను ఇక్కడి నుండి తక్షణమే బదిలీ చేయుట గురించి.

సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో ముప్పై నాలుగేళ్లు గుమాస్తాగా చేసి రిటైరై, భార్యాసమేతంగా ఈ పరాయి దేశానికి మిషన్ సేవకై వచ్చిన నేను సవినయంగా విన్నవించుకొనునది ఏమనగా:

1. తమరు కేటాయించిన ఫ్లాటులో మేము వచ్చిన నాటి నుండి గీజరు పనిచేయుట లేదు. తలుపు మీద మా ముందు ఇక్కడ ఉన్న దంపతుల పేర్ల బోర్డు కూడా ఇంకా తీయలేదు. అయితే ఈ అర్జీ వాటి గురించి కాదు.

2. ఆ దంపతులలో అమ్మగారు వైద్యం కోసం స్వదేశం వెళ్లి, అక్కడే ప్రభువు సన్నిధికి చేరినారు. ఆమె ప్రతి మంగళవారం పలకరించి వచ్చే చూపులేని తెలుగు పెద్దావిడకు ఆ వార్తను మేమే స్వయంగా తెలియజేయవలెనని తమరి మొదటి ఉత్తర్వు. అది నేటికీ అమలు కాలేదు. తప్పు మాదే.

3. పెద్దావిడ ఇంటికి మొదటిసారి వెళ్లిన రోజున బాగా చలి. మా ఆవిడకు కోటు లేదు. బీరువాలో ఆ అమ్మగారు వదిలి వెళ్లిన బూడిదరంగు కోటు ఉంటే తొడుక్కుంది. దానికి మూడో గుండీ లేదు. పెద్దావిడ తలుపు తీసి, కోటు తడిమి, గుండీ ఊడిన చోట వేలు ఆపి, "వచ్చావా తల్లీ! రెండు వారాలన్నావు, ఏడాది చేశావు" అని బావురుమంది. నేను గొంతు సవరించుకునే లోపలే మా ఆవిడ "వచ్చాను" అనేసింది.

"గొంతు మారిందేం?"

"జబ్బు చేసింది కదమ్మా."

4. తర్వాతి మూడు మంగళవారాలూ నిజం చెప్పాలనే బయలుదేరితిమి. మూడుసార్లూ టీ తాగి వచ్చితిమి.

5. ఆ పై వారం పెద్దావిడ, "ఆ వానలో మనిద్దరం ఎక్కడ తలదాచుకున్నామో గుర్తుందా?" అని అడిగింది. మా ఆవిడ తడుముకోకుండా, "మందుల షాపు మెట్ల మీద. నీ చెప్పు తెగింది" అంది. పెద్దావిడ పకపకా నవ్వింది. బయటికొచ్చాక "నీకెలా తెలుసే?" అని అడిగితే, "ఏమోనండీ, నోటికొచ్చింది" అంది.

6. నేను కోటుకు కొత్త గుండీ కుట్టితిని. మా ఆవిడ కత్తెరతో కోసేసింది. "అది ఉంటే నన్ను గుర్తుపట్టదు" అంది. నన్ను అంది, అయ్యా.

7. నలభై ఒక్క ఏళ్లుగా టీలో మూడు చెంచాల పంచదార వేసుకునే మనిషి ఇప్పుడు ముట్టుకోవడం లేదు. ఎడమ కాలు ఈడ్చి నడుస్తోంది. కాలికేమీ లేదని డాక్టరు అంటున్నాడు. ఆ అమ్మగారికి ఏ కాలు బాగుండేది కాదో తమ రికార్డులో ఉన్నట్లయితే, దయచేసి నాకు తెలియజేయవద్దు.

నిజం చెబితే పెద్దావిడ ఏమైపోతుందో తెలియదు. చెప్పకపోతే నా భార్య ఏమైపోతోందో కళ్లారా చూస్తున్నాను. నాకు చాలా భయంగా ఉంది. ఒకరి పేరున ఉన్నదాన్ని మరొకరి పేరుకు మార్చడమే ముప్పై నాలుగేళ్లు నా ఉద్యోగం. ఇలా ఏ కాగితమూ లేకుండా మారిపోవడం ఎన్నడూ చూడలేదు.

కావున, ఏ ఊరైనా సరే, గీజరు లేకపోయినా సరే, మమ్మల్ని బదిలీ చేసి, సదరు కోటు ఇక్కడే ఉండిపోవునట్లు ఆజ్ఞ దయచేయించవలెనని వేడుకొనుచున్నాను. ఈ ముసలివాని మొర చిత్తగించవలెను.

తమ విధేయుడు,
కింది రెండు సంతకాలలో మొదటివాడు

తా.క.: నిబంధన ప్రకారం దంపతులిద్దరూ సంతకం చేయాలి గనుక కాగితం ఆమె ముందుంచాను. మొత్తం చదివి, కళ్లు తుడుచుకుని, "పోదాం పదండి, మీరింత బెంగపడితే ఎలా" అని, సంతకం పెట్టింది. చేతిరాత మా ఆవిడదే. పేరు మాత్రం తలుపు మీది బోర్డులో ఉన్న ఆ అమ్మగారిది. కొట్టేసి మళ్లీ పెట్టమని అడగడానికి నాకు ధైర్యం చాలడం లేదు.