రెండు దాటి మూడు నిమిషాలు

మార్చి 12, బుధవారం

చీఫ్ ఇంజినీరు గారికి,

సోమవారం మీ టీవీ ప్రసారంలో బొమ్మ ఆగినందుకు మా మనవరాలిని ఉద్యోగంలోంచి తీసేయబోతున్నారని నిన్ననే తెలిసింది. అందుకే ఈ ఉత్తరం. కెమెరా బొమ్మను కుదించి ప్రసారానికి పంపే ఆ ఎన్‌కోడర్‌ను తనే ఆపిందని మీ అభియోగం. తన డ్యూటీ మొదలయ్యేది రెండింటికి. బొమ్మ ఆగింది ఒంటిగంటా యాభై ఏడుకు. అప్పుడు టీవీలో వస్తున్న వక్తృత్వ పోటీలో ఎవరు ఎన్ని నిమిషాలు మాట్లాడారో నేను ఇంట్లో రాసుకుంటున్నాను. మూడో అమ్మాయి “కాబట్టి అధ్యక్షా” అన్నచోట ఆగింది.

ఇట్లు,
ఆ పిల్ల అమ్మమ్మ, రిటైర్డ్ హెడ్మిస్ట్రెస్

తా.క. పాపం, ఆ అమ్మాయి పదకొండు నిమిషాలు నోరు తెరుచుకునే ఉంది.

మార్చి 13

అమ్మగారికి నమస్కారాలు.

మా లాగ్‌లో 2:03 అని ఉంది. సరిగ్గా రెండింటికి డ్యూటీ మారినట్టు గేటు రిజిస్టరులో సంతకాలున్నాయి. మీ గడియారమే ఆరు నిమిషాలు వెనక నడుస్తోందేమో.

విధేయుడు,
చీఫ్ ఇంజినీరు

తా.క. పెద్దవారు, ఏమీ అనుకోకండి.

మార్చి 14

చీఫ్ ఇంజినీరు గారికి,

అనుకున్నాను. మా గడియారాన్ని రోజూ రేడియో వార్తల వేళకు సరిచేస్తాను. ఇంతకీ ఆ లాగ్ రాసే గుమాస్తా ఎవరు? ఒకసారి మా ఇంటికి పంపండి. అప్పటికప్పుడు రాశాడో, తర్వాత తీరిగ్గా నింపాడో దస్తూరీ చూసి చెప్పేస్తాను. ముప్పై నాలుగేళ్లు హాజరు పట్టీలు చూసిన కళ్లివి.

ఇట్లు,
అమ్మమ్మ

తా.క. భయపెట్టను. కాఫీ కూడా ఇస్తాను.

మార్చి 15

అమ్మగారూ,

గుమాస్తా ఎవరూ లేరు. ఏం జరిగినా యంత్రమే టైముతో సహా రాసుకుంటుంది. విచారణ బుధవారం పదిన్నరకు.

విధేయుడు,
చీఫ్ ఇంజినీరు

తా.క. దానికి కాఫీ పడదు.

మార్చి 16

చీఫ్ ఇంజినీరు గారికి,

తన హాజరు తనే వేసుకునేవాళ్లను మా బడిలో ఎన్నడూ నమ్మలేదు. ఆ యంత్రానికి టైము చెప్పిందెవరు?

ఇట్లు,
అమ్మమ్మ

తా.క. “అదే తెలుసుకుంటుంది” అని మాత్రం రాయకండి.

మార్చి 17

అమ్మగారూ,

మామూలుగా మా యంత్రాలన్నీ ఒకే టైము సర్వర్‌ను చూసి గడియారాలు దిద్దుకుంటాయి. ఇది కొత్తది, దీనికింకా ఆ కేబుల్ వేయలేదు. ఆ గదిలోకి ఫోన్లు రానివ్వం. అందుకని ఈ నెల మొదట్లో మీ మనవరాలే తన చేతిగడియారం చూసి టైము పెట్టింది. మూడు వారాలుగా అందరికంటే ముందు వస్తున్న మనిషి గడియారాన్ని ఎవరు శంకిస్తారు? తన టైమే తనను పట్టించింది.

విధేయుడు,
చీఫ్ ఇంజినీరు

తా.క. నాకూ బాధగానే ఉంది.

మార్చి 18

చీఫ్ ఇంజినీరు గారికి,

మీ ఉత్తరం రెండుసార్లు చదివి, మంచినీళ్లు తాగి రాస్తున్నాను.

ఆలస్యంగా వస్తోందని గత నెల మీరు దానికి మెమో ఇచ్చారు. ఆ మర్నాడే, అది స్నానానికి వెళ్లినప్పుడు, ఆ చేతిగడియారాన్ని ఆరు నిమిషాలు ముందుకు తిప్పాను. చెప్పలేదు. చెబితే ఆ ఆరు నిమిషాలూ పడుకుంటుంది. ఇప్పుడు 2:03లోంచి ఆరు తీసేయండి. లెక్క నాదే సరి. తప్పూ నాదే.

ఇట్లు,
అమ్మమ్మ

తా.క. ఇక జరగవలసినవి:

1. రేపు విచారణలో, మా పిల్లను లోపలికి పిలవకముందే, ఈ ఉత్తరం చదవాలి. నేనూ వస్తున్నాను.
2. ఆ కేబుల్ ఈ వారమే వేయాలి.
3. ఒంటిగంటా యాభై ఏడుకు ఆ కుర్చీలో ఎవరున్నారో గేటు రిజిస్టరులో చూడాలి. ఉదయం డ్యూటీ ఇంజినీరు ఆ రోజు సెలవట. బదులు కూర్చున్నది మీరేనట.
4. చేతిగడియారం సంగతి మా పిల్లకు తెలియకూడదు. ఉద్యోగం నిలబడ్డాక ఎల్లుండి మళ్లీ టైముకు రావాలి కదా.